చేతి పనిని బట్టి ఫోన్ తాళం: ఏ వేలిముద్ర సెన్సర్ ఎవరికి సరిపోతుంది

విడవలూరు మండలంలో రొయ్యల గుంటలు సాగు చేసే మా బావమరిది కిందటి వేసవిలో నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో పాతిక వేల రూపాయలు పెట్టి ఫోన్ కొన్నాడు. కెమెరా గురించి, బ్యాటరీ గురించి, తెర వెడల్పు గురించి అన్నీ అడిగాడు గాని, దాన్ని తెరిచే తాళం ఏ రకానిదో అతడు అడగలేదు, అమ్మినవారూ చెప్పలేదు. వారం తిరగకముందే, “బావా, ఇది ఇంట్లో అయితే తెరుచుకుంటాది, గుంట కాడ మొరాయిస్తాది” అని నాకు ఫోన్ చేశాడు. చెక్ ట్రే ఎత్తి మేత ఎంత మిగిలిందో చూసిన తడి చేయి, నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండ, తెర మీద దుకాణంవారు అంటించి ఇచ్చిన దళసరి గాజు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెర కింద అమర్చిన ఆప్టికల్, అంటే వెలుగుతో వేలిని ఫొటో తీసి పోల్చుకునే సెన్సర్ తడబడుతుంది. అతడి దగ్గర మూడూ ఉన్నాయి. అందులో సగం ధరకు దొరికే ఫోన్‌లో పక్క బటన్ మీద ఉండే సెన్సర్ అతడికి ఇంతకంటే బాగా అక్కరకు వచ్చేది.

ఫోన్ తాళాలను పోల్చేవారు సాధారణంగా ఏది ఎక్కువ భద్రం అనే ప్రశ్నతో మొదలుపెడతారు. ఆ ప్రశ్నకు ముందు మీ చేయి పగలంతా ఏ పని చేస్తుందో చూసుకోవాలని నా అభిప్రాయం. పదిసార్లు పెడితే నాలుగుసార్లు తెరుచుకోని తాళాన్ని ఎవరూ ఎక్కువ రోజులు భరించరు. విసుగెత్తి దాన్ని తీసివేసి, వరుస అంకెల పిన్ పెట్టుకుంటారు, లేదా తాళమే లేకుండా వాడుకుంటారు. అంటే కాగితం మీద ఎంత గట్టి తాళమైనా, చేతికి సరిపడకపోతే చివరికి అది అన్నింటికంటే బలహీనమైన తాళంగా మారుతుంది.

వేలి కొనను దగ్గరగా చూస్తే దున్నిన చేలో ఉన్నట్లే మిట్టలూ చాళ్లూ కనిపిస్తాయి. తల్లి కడుపులో ఉండగానే ఏర్పడే ఈ గీతలు కవలపిల్లలలో కూడా ఒకేలా ఉండవు. మన ఊళ్లలో ఒకప్పుడు వేలిముద్రగాడు అంటే చదువురానివాడని అర్థం. ఇప్పుడు పెద్ద చదువులు చదివినవారంతా రోజుకు లెక్కలేనన్ని సార్లు నిశానీ వేస్తున్నారు. ఫోన్ ఈ నిశానీని బొమ్మగా దాచుకోదు. గీతలు చీలే చోట్లు, ఆగిపోయే చోట్లు, వాటి మధ్య దూరాలు, ఇలాంటి లక్షణాలను గణితరూపంలోకి మార్చి, మిగతా యాప్‌లకు అందని ప్రత్యేక భద్రతా విభాగంలో ఉంచుకుంటుంది. బ్యాంకు యాప్ మీ వేలిని అడిగినప్పుడు కూడా దానికి ముద్ర చేరదు. సరిపోయిందా, లేదా అనే జవాబు మాత్రమే చేరుతుంది.

ఇప్పుడు మార్కెట్లో ఉన్న ఫోన్లలో వేలిముద్ర సెన్సర్లు ప్రధానంగా మూడు రకాలు. పవర్ బటన్ మీద గాని, పాత ఫోన్లలో వెనుక వైపు గాని ఉండేది కెపాసిటివ్ సెన్సర్. 2013లో ఐఫోన్ 5ఎస్ హోమ్ బటన్‌లో వచ్చి, ఫోన్లలో వేలిముద్రను సామాన్యమైన విషయంగా మార్చిన రకం ఇదే. చర్మపు మిట్టలు సెన్సర్‌కు తాకిన చోట విద్యుత్ కొలత ఒక విధంగా, చాళ్లలో గాలి ఉన్న చోట మరొక విధంగా ఉంటుంది. ఆ తేడాతోనే అది ముద్రను గీసుకుంటుంది. దీనికి వెలుతురుతో పని లేదు, తెర మీద ఏ గాజు అంటించినా సంబంధం లేదు. చాళ్లలోకి నీరు చేరితే మాత్రం మిట్టకూ పల్లానికీ తేడా తెలియక తికమకపడుతుంది. అయినా తుండుతో వేలు తుడుచుకుంటే చాలు, మరుక్షణమే పనిచేస్తుంది. రాత్రి రెండు గంటలకు కరెంటు పోయి, గుంట నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగాయని అలారం మోగితే, చీకట్లో చేయి పెట్టి తడిమితేనే తెరుచుకునేది ఇదొక్కటే అని గుంటల మీద కాపలా పడుకునేవారు చెబుతారు.

చౌక ఫోన్లలో పక్క సెన్సర్, ఖరీదైన వాటిలో తెర కింద సెన్సర్ ఉండటం చూసి, పక్కన ఉండేది నాసిరకమని చాలామంది అనుకుంటారు. దీనికి కారణం నాణ్యత కాదు, తెర. ఎల్‌సీడీ తెర వెనుక వెలుగునిచ్చే పొర ఒకటి ఉంటుంది. దాని గుండా కింది సెన్సర్‌కు వేలు కనిపించదు. అందువల్ల ఎల్‌సీడీ తెర వాడే చౌక ఫోన్లకు పక్క బటన్ తప్పనిసరి అయింది. తనంతట తానే వెలిగే ఓఎల్‌ఈడీ తెరకు ఆ పొర అవసరం లేదు కాబట్టి దాని కింద సెన్సర్ అమర్చడానికి వీలు చిక్కింది. దుకాణంలో తెర కింద సెన్సర్‌ను గొప్పగా చూపించేటప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే మోజు కొంత తగ్గుతుంది.

ఆ తెర కింద రకాలలో మధ్యస్థ ధరలో ఎక్కువగా దొరికేది ఆప్టికల్. అమ్మకానికి వచ్చిన ఫోన్లలో ఇది 2018 ప్రారంభంలో వీవో ఫోన్‌తో మొదలైంది. వేలు పెట్టిన చోట తెర ప్రకాశవంతంగా వెలుగుతుంది, ఆ వెలుగు వేలి మీద పడి వెనక్కి వస్తే కింద ఉన్న చిన్న కెమెరా వంటిది ఫొటో తీస్తుంది. ఏసీ గదిలో, శుభ్రమైన చేతులతో కూర్చుని పనిచేసే వారికి ఇది సుఖంగానే ఉంటుంది. ఇది ఫొటో తీసే పద్ధతి కాబట్టి ఫొటోకు ఉండే ఇబ్బందులన్నీ దీనికీ ఉన్నాయి: వేలి పక్క నుంచి దూరే ఎండ, తెర మీద నీటి చుక్కలు, పొడిబారిన చర్మం, గాజు మీద గీతలు. పక్కవారికి తెర కనిపించకుండా చేసే ముదురు రంగు ప్రైవసీ గాజు అంటిస్తే ఇది చాలాసార్లు మొండికేస్తుంది. చీకట్లో వేలు పెట్టిన ప్రతిసారీ కళ్లలోకి టార్చి కొట్టినట్లు ఉండటం నాకు వ్యక్తిగతంగా నచ్చని విషయం.

మూడవది అల్ట్రాసోనిక్. ఇది మన చెవికి వినపడని ధ్వని తరంగాలను వేలి మీదకు పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి మిట్టల లోతును కూడా కొలుస్తుంది. 2019లో శాంసంగ్ గెలాక్సీ ఎస్10తో పేరు తెచ్చుకున్న ఈ రకం ఎండను లెక్కచేయదు, కొద్దిపాటి తడిని కూడా మిగతా రెండింటికంటే బాగా తట్టుకుంటుంది. దీనికి అసలైన శత్రువు తెర మీద అంటించే గాజు. గాజుకూ తెరకూ మధ్య గాలి పొర మిగిలిపోతే ధ్వని అక్కడే ఆగిపోతుంది. ఎస్10 వచ్చిన ఏడాదే అక్టోబరులో, తెరను కూడా కప్పే కొన్ని సిలికాన్ కవర్లు తొడిగిన ఫోన్లు నమోదు కాని వేళ్లకు కూడా తెరుచుకుంటున్నాయని బయటపడి, కంపెనీ హడావిడిగా సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేయవలసి వచ్చింది. యాభై, అరవై వేల ఫోన్ కొని, ఫుట్‌పాత్ మీద వంద రూపాయల గాజు అంటించేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

ఇంతవరకూ చెప్పినది గీతలు చక్కగా ఉన్న వేళ్ల సంగతి. మన ప్రాంతంలో గీతలే అరిగిపోయే పనులు చాలా ఉన్నాయి. చీమకుర్తి క్వారీలలో రాయి కోసేవారు, పాలిషింగ్ యూనిట్లలో పలకలు దించేవారు, సిమెంటు కలిపే మేస్త్రీలు, గుంటలకు సున్నం, బ్లీచింగ్ చల్లే కూలీలు, వీరి వేళ్ల మీద మిట్టలు రోజూ కొద్దికొద్దిగా రాపిడికీ క్షారానికీ కరిగిపోతుంటాయి. చీమకుర్తి నల్లరాయికీ శాంసంగ్ ఫోన్లకూ గెలాక్సీ అనే పేరు ఒకటే అయినా, ఆ రాయి మోసిన చేతిని ఆ ఫోన్ గుర్తుపట్టకపోవచ్చు. మిట్టలే లేనప్పుడు ధ్వనితో చూసినా, వెలుగుతో చూసినా, విద్యుత్తుతో చూసినా దొరికేది ఏమీ ఉండదు; ఇక్కడ ఖరీదైన సెన్సర్ కొని ప్రయోజనం లేదు. ఇలాంటివారు తక్కువగా అరిగే వేలిని వెతుక్కోవాలి. కుడిచేతి వాటం ఉన్నవారికి చాలాసార్లు అది ఎడమచేతి ఉంగరపు వేలు అవుతుంది. దానికీ తెరుచుకోకపోతే ఆరు అంకెల పిన్‌తో సరిపెట్టుకోవడమే ఉత్తమం. కొన్నాళ్లు పని మానితే చర్మం తిరిగి ఎదిగి గీతలు వస్తాయి కాబట్టి, పండగ సెలవుల్లో చక్కగా నమోదైన వేలు పనిలోకి వెళ్లిన పదిహేను రోజులకే పనికిరాకుండా పోవడం కూడా జరుగుతుంది.

పొగాకు రైతుల సంగతి వేరు. కొండపి, టంగుటూరు ప్రాంతాల్లో పచ్చాకు తెంపే రోజుల్లో చేతికి అంటే నల్లటి జిగురు సబ్బుకు కూడా అంత తొందరగా వదలదు. అక్కడ గీతలు పోవు, మూసుకుపోతాయి. వేలితో పాటు సెన్సర్ మీద కూడా ఆ జిడ్డు పేరుకుంటుంది కాబట్టి, పక్క బటన్‌ను మెత్తటి గుడ్డతో అప్పుడప్పుడు తుడవడం అవసరం. గోరింటాకు పెట్టుకున్న తొలి రోజుల్లో కొందరి ఫోన్లు తెరుచుకోకపోవడానికి కూడా వేలి కొన పైపొరలో వచ్చే ఇటువంటి తాత్కాలికమైన మార్పే కారణం.

వేలు కుదరనివారు ముఖం వైపు చూస్తారు. ఇక్కడ ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి. ఐఫోన్ 10 నుంచి వచ్చిన ఫేస్ ఐడీ వేలాది పరారుణ చుక్కలను ముఖం మీద వేసి ముక్కు ఎత్తు, కంటి గుంత లోతు వంటివి కొలుస్తుంది; చీకట్లోనూ పనిచేస్తుంది, ఫొటోకు మోసపోదు, మామూలు అమరికలో కళ్లు తెరిచి ఫోన్ వైపు చూస్తేనే తెరుచుకుంటుంది. చౌక ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది సెల్ఫీ కెమెరాతో చూసి పోల్చుకునే పద్ధతి. దాన్ని అన్నదమ్ముల పోలిక, కొన్నిసార్లు మంచి ఫొటో కూడా మోసగించగలవు. ఆండ్రాయిడ్ నిబంధనలలో ఇలాంటి తాళాలకు మూడు తరగతులు ఉన్నాయి: నకిలీని అంగీకరించే రేటు 7 శాతానికి మించకపోతే మూడవ తరగతి, 7 నుంచి 20 శాతం వరకు రెండవది, ఆపైన మొదటిది. మొదటి తరగతి తాళం తెరను మాత్రమే తెరవగలదు, యాప్‌లకు సాక్ష్యం చెప్పలేదు. మీ ఫోన్ ముఖంతో తెరుచుకుంటున్నా బ్యాంకు యాప్ మాత్రం వేలినో పిన్‌నో అడుగుతుంటే, మీ ఫోన్‌లోని ముఖ తాళం ఆ బలహీనమైన కోవకు చెందినదై ఉండవచ్చు. అటువంటి దాన్ని వాడకపోవడమే మేలు.

పిన్ గురించి మాట్లాడకుండా ఈ పోలిక పూర్తి కాదు, ఎందుకంటే వేలిముద్ర పిన్‌కు బదులు కాదు. పిన్ అనే సింహద్వారం పక్కన పెట్టుకున్న దిడ్డి వాకిలి మాత్రమే. ఫోన్ ఆపి తిరిగి వెలిగించినా, వరుసగా ఐదుసార్లు వేలు తప్పినా, ఆండ్రాయిడ్‌లో అయితే 72 గంటలకు ఒకసారైనా, మీరు పిన్‌నే కొట్టవలసి వస్తుంది. దొంగ కూడా ఆ సింహద్వారం దగ్గరకే వస్తాడు. నాలుగు అంకెల పిన్‌కు 10,000 అవకాశాలు, ఆరు అంకెలకు 10 లక్షలు. తొమ్మిది చుక్కల ప్యాటర్న్‌కు లెక్క ప్రకారం 3,89,112 రూపాలు ఉన్నా, జనం గీసేవి ఎక్కువగా మూల నుంచి మొదలయ్యే ఎల్, జడ్ ఆకారాలే. పైగా పక్కన కూర్చున్నవారు ఒక్కసారి చూస్తే చాలు గుర్తుండిపోతుంది, జిడ్డు వేలు గీసిన జాడ తెర మీద మిగిలిపోతుంది. కావలి నుంచి నెల్లూరు దాకా బస్సులో నిలబడి ప్రయాణించేవారికి ప్యాటర్న్‌ను నేను ఎన్నడూ సిఫారసు చేయను. అలాంటి రద్దీలో వేలిముద్ర చేసే అసలు మేలు, పిన్‌ను నలుగురిలో కొట్టవలసిన అవసరాన్ని తగ్గించడం.

నకిలీ వేలు తయారుచేసి ఫోన్ తెరవవచ్చా అంటే తెరవవచ్చు. ఐఫోన్ 5ఎస్ విడుదలైన కొద్ది రోజులకే జర్మనీకి చెందిన కేయాస్ కంప్యూటర్ క్లబ్ వారు గాజు మీద పడిన ముద్రను ఫొటో తీసి, దాని నుంచి పలుచని పొర తయారుచేసి తెరిచి చూపించారు. అయితే అంత శ్రమ మామూలు ఫోన్ దొంగ పడడు. మన ఇళ్లలో నిజంగా జరిగేది అంతకంటే చిన్న విషయం: నిద్రపోతున్న మనిషి బొటనవేలిని తెర మీద ఆనించడం, లేదా ఆటల కోసం పిల్లల వేలిని, అవసరానికి పనివాడి వేలిని నమోదు చేసి మరిచిపోవడం. ఒక్క వేలు నమోదైతే వేరొకరి వేలు పొరపాటున సరిపోయే అవకాశం 50,000లో ఒకటి అని ఆపిల్ చెబుతుంది. ఐదు వేళ్లు నమోదు చేస్తే అది 10,000లో ఒకటి అవుతుంది, అంటే నాలుగు అంకెల పిన్‌ను ఒకే ఊహతో కొట్టడంతో సమానం. అంతకంటే ముఖ్యం, ఫోన్‌లో నమోదైన ప్రతి వేలూ యజమాని వేలే అని ఫోన్ నమ్ముతుంది. 2025 అక్టోబరులో యూపీఐ చెల్లింపులకు పిన్ బదులు ఫోన్‌లోని వేలిముద్ర లేదా ముఖాన్ని వాడే సదుపాయాన్ని, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ప్రవేశపెట్టింది. మీ ఫోన్‌లో మీవి కాని వేళ్లు ఉన్నంతకాలం ఆ సదుపాయం జోలికి వెళ్లవద్దు.

ఇక్కడ ఒక గందరగోళాన్ని తొలగించాలి. ఆధార్ వేలిముద్రతో బ్యాంకు డబ్బు పోయిందని విన్నవారు ఫోన్‌లో వేలు పెట్టడానికి కూడా భయపడుతున్నారు. ఆ మోసాలు ఆధార్ ఆధారిత చెల్లింపుల పద్ధతిలో, అంటే గ్రామాల్లో వేలిముద్ర పెట్టించుకుని డబ్బు ఇచ్చే చిన్న యంత్రాల ద్వారా జరిగాయి. భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీది ముద్రల నుంచి సిలికాన్ వేళ్లు తయారుచేసిన ముఠాలను పోలీసులు పట్టుకున్నారు. ఆ ముద్రలు ఫోన్ల నుంచి వెళ్లినవి కావు. ఫోన్‌లోని ముద్ర ఫోన్‌లోనే ఉంటుంది, ఆధార్ ముద్ర కేంద్ర భాండాగారంలో ఉంటుంది, రెండింటికీ లంకె లేదు. ఆ భయం ఉన్నవారు చేయవలసింది ఆధార్ యాప్‌లో గాని, ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో గాని తమ బయోమెట్రిక్స్‌కు తాళం వేసుకోవడం. రేషన్‌కో పింఛనుకో వేలు పెట్టవలసిన రోజున దాన్ని తాత్కాలికంగా తెరుచుకోవచ్చు.

ఇక ఎంపిక. తడి, మట్టి, ఎండ మధ్య పనిచేసే రొయ్యల రైతుకు, వరి కోతల్లో తిరిగేవారికి, కొత్తపట్నం వంటి తీర గ్రామాల్లో పడవ మీద వెళ్లేవారికి పక్క బటన్ సెన్సర్ నా మొదటి ఎంపిక. డబ్బుకు వెనుకాడనివారికి అల్ట్రాసోనిక్, అదీ తయారీదారు చెప్పిన పలుచని ఫిల్మ్‌తో మాత్రమే. ఆఫీసులో, బడిలో, దుకాణంలో కూర్చునేవారికి ఆప్టికల్ చాలు, దాని కోసం అదనంగా డబ్బు పోయనవసరం లేదు. రాయి, సిమెంటు పనివారికి ఆరు అంకెల పిన్ ప్రధానం, వేలు అదనం. వయసు మీద పడి చర్మం పొడిబారినవారికి పక్క బటన్‌తో పాటు, మనవలకు తెలియని, తమకు మాత్రం మరిచిపోలేని పిన్ కావాలి. పుట్టిన సంవత్సరం ఇంటిల్లిపాదికీ తెలుసు కనుక అది వద్దు. సెల్ఫీ కెమెరా ముఖ తాళాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

కొనే ముందు దుకాణంలోనే మీ బొటనవేలిని నమోదు చేయించి, సీసాలోని నీటితో వేలు తడిపి, వీధిలోకి వచ్చి ఎండలో తెరిచి చూడండి. అమ్మేవారు కొంచెం వింతగా చూస్తారు, చూడనివ్వండి. తెర కింద సెన్సర్ ఉన్న ఫోన్‌కు గాజు అంటించాలనుకుంటే ముందు గాజు అంటించి, తర్వాతే వేలు నమోదు చేయాలి; గాజు మార్చిన ప్రతిసారీ పాత ముద్రను తీసివేసి కొత్తగా నమోదు చేయాలి. ఎక్కువగా వాడే వేలిని రెండుసార్లు, రెండు వేర్వేరు వేళ్లుగా నమోదు చేయడం చాలా ఫోన్లలో పనికివచ్చే ఉపాయం: ఒకసారి పొద్దున్నే శుభ్రమైన చేతితో, మరొకసారి పని నుంచి వచ్చిన చేతితో. రెండో చేతి వేలు ఒకటి తప్పనిసరిగా ఉండాలి, వేలు తెగినా కట్టు కట్టినా ఇబ్బంది పడకుండా. రిపేరుకు ఇచ్చినప్పుడు పిన్ చెప్పవలసి వస్తే, ఫోన్ చేతికి రాగానే పిన్ మార్చి, వేలిముద్రల జాబితాలో కొత్తది ఏదైనా చేరిందేమో చూసుకోవాలి.

మా బావమరిది ఆ దళసరి గాజు పీకించి పలుచని ఫిల్మ్ వేయించాడు, గుంట మీద నుంచి వచ్చిన చేతితో బొటనవేలిని రెండోసారి నమోదు చేశాడు. పదిలో ఏడెనిమిదిసార్లు తెరుచుకుంటోందని, మిగిలినప్పుడు పిన్ కొడుతున్నానని చెబుతున్నాడు. రొయ్యల పట్టుబడి అయ్యాక కొనబోయే ఫోన్‌కు మాత్రం సెన్సర్ పక్క బటన్ మీదే ఉండాలని దుకాణంలో ఇప్పుడే చెప్పి వచ్చాడు.